ఎండ ఉంటేనే నడిచే క్రేను

చిట్టియ్య గారు ఇంట్లోకి వచ్చే ముందు దగ్గుతారు. జలుబు లేదు, చుట్ట కాల్చే అలవాటు లేదు. గుమ్మం బయట చెప్పులు విడుస్తూ ఒక దగ్గు, వరండాలో తువ్వాలు దులుపుతూ ఇంకో దగ్గు. ఆ రెండో దగ్గుకి కోడలు హెలెన్ హాల్లోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోవాలి. ఆయన కూర్చునేసరికి బల్ల మీద కంచం ఉంటుంది, కంచం పెట్టిన మనిషి మాత్రం ఉండదు. ధవళేశ్వరంలో వాళ్ళ వీధిలో మిగతా ఇళ్ళల్లో మామలూ కోడళ్ళూ కలిసి కూర్చుని టీవీ చూస్తూనే ఉన్నారు. చిట్టియ్య గారి నాన్న తన కోడలి ఎదట పడకుండా అలా తప్పుకుని తిరిగేవాడు గనక ఈయనా అలాగే తిరుగుతున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా ఆలోచించలేదు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ వారమంతా నా బుర్ర అంత వేడెక్కేది కాదు.

నా పేరు చంద్రరావు. రాజమండ్రి ఊరు దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు పెద్ద ఖాళీ స్థలం ఉన్నాయి. క్రేన్లు నడిపేవాళ్ళకీ, క్రేను ముందు నిలబడి చేత్తో సిగ్నల్ ఇచ్చేవాళ్ళకీ, వీధులు తవ్వి పనులు చేసేవాళ్ళకీ అక్కడ శిక్షణ ఇస్తారు. నేను అందులో గుమాస్తాని. హాజరు వేయడం, మంచినీళ్ళ క్యాన్లు తెప్పించడం, సర్టిఫికెట్టు మీద పేరు తప్పు పడితే తిట్లు తినడం నా ఉద్యోగం. క్రేను గురించి నాకు తెలిసింది ఏమిటంటే అది బరువులు ఎత్తుతుంది, దాని కింద నిలబడకూడదు. అంతకు మించి తెలుసుకోవాలన్న కోరిక కూడా నాకెప్పుడూ కలగలేదు.

చిట్టియ్య గారు పుట్టింది గోదావరి మధ్య ఒక లంకలో. తండ్రి ఇసక పడవ మీద పని చేసేవాడు. ఒక ఏడు వరదకి పడవ పోయింది, దాంతోపాటు ఇంటి ముందు గట్టూ పోయింది. కుటుంబం ధవళేశ్వరం చేరింది. చిట్టియ్య గారు లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, చివరికి హైడ్రా ఎక్కారు. హైడ్రా అంటే మీరు చూసే ఉంటారు, ముక్కు ముందుకి చాచుకుని రోడ్డు మీద ఆటోల మధ్యనే నడుచుకుంటూ పోయే పసుపు రంగు క్రేను. ఆ సీట్లో ఆయన జుట్టు నెరిసింది. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీల మిషన్లు దింపారు. కాలవలో పడ్డ ట్రాక్టర్లు తీశారు. వాళ్ళ చర్చికి కొత్త గంట వస్తే దాన్ని గోపురం మీదకి ఎత్తింది ఆయనే. ఒకసారి బురదలో కూరుకుపోయిన గేదెని కడుపు కింద బెల్టు వేసి పైకి లేపితే, అది ఒడ్డున దిగి ఏమీ జరగనట్టు గడ్డి మేసుకుందట. ఆ గేదె సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వుతారు.

ఇన్నేళ్ళల్లో ఆయన ఎవరి చెయ్యీ చూసి క్రేను నడపలేదు. కిందికి దిగుతారు, బరువు చుట్టూ ఒకసారి తిరుగుతారు, మళ్ళీ ఎక్కి పని చేస్తారు. ఎవరైనా కింద నిలబడి చేతులూపితే, "మీరు పక్కకి జరగండి బాబూ, గాలాడట్లేదు" అంటారు.

అలాంటి మనిషికి ఈ మధ్య చిక్కొచ్చి పడింది. ఆయన పని చేసేది చినబాబు అనే కాంట్రాక్టరు దగ్గర. రాజమండ్రి వీధుల్లో మురుగు కాలవల పని చినబాబుది. ఇకమీదట క్రేను నడిపేవాడికీ, ముందు నిలబడి సిగ్నల్ ఇచ్చేవాళ్ళకీ శిక్షణ ఉంటేనే పని చెయ్యనిస్తామని పై నుంచి మాట వచ్చింది. చినబాబు చిట్టియ్య గారిని పిలిచి, "ఏమనుకోకండి చిట్టియ్య గారూ. కోర్సు పాసవ్వకపోతే ఆ సీటు ఇవ్వలేనండి. కాకినాడ నించి పాసైన కుర్రోడొకడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు" అన్నాడు. చిట్టియ్య గారు "ఆయ్" అన్నారు. ఆయన ఏ సంగతికైనా ముందు ఆ మాటే అంటారు, తరవాత ఇంటికెళ్ళి బాధపడతారు. ఆ సీటు పోతే ఆయన దగ్గర మిగిలేది ఆ దగ్గొక్కటే.

చినబాబు అంతటితో ఊరుకోలేదు. సిగ్నల్ ఇచ్చే మనిషి కావాలి కదా. వీధి తవ్వకాల దగ్గర ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు పచ్చ ఉన్న బోర్డు పట్టుకుని బళ్ళని ఆపే ఆడమనిషి ఒకావిడ ఉంది. ఆవిడ బోర్డు తిప్పితే ఇసక లారీ కూడా బుద్ధిగా ఆగుతోందని ఆవిడ పేరు కూడా రాయించాడు. ఆవిడే హెలెన్. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని చినబాబుకి తెలియదు. అతని దగ్గర అంతమంది పని చేస్తారు.

మరి వాళ్ళిద్దరికీ ఎందుకు తెలియలేదని అడుగుతారు, నేనూ అడిగాను. ఆ ఇంట్లో మామా కోడళ్ళ మధ్య మాటలన్నీ అత్తగారు మార్తమ్మ గారి ద్వారా నడుస్తాయి. అమ్మాయి రోడ్డు పనికి పోతోందని ఆయనకి తెలుసు, ఏ పని, ఎవరి దగ్గర అన్నది మార్తమ్మ గారు చెప్తే వినాలి. ఆవిడేమో కూతురి పురిటికని నరసాపురం వెళ్ళి కూర్చుంది. కొడుకు విజయ్ పాల్ భీమవరంలో చేపల మేత కంపెనీలో పని చేస్తూ ఆదివారం ఒక్కరోజు ఇంటికొస్తాడు. అంచేత ఇంట్లో కబుర్లు ఆగిపోయాయి. పొద్దున్నే గోడ మీద ఆయన క్యారేజీ ఉంటుంది, ఆయన దగ్గి తీసుకుని మోపెడ్ మీద వెళ్ళిపోతారు. కాసేపటికి ఆవిడ వెనక గుమ్మంలోంచి వెళ్ళి ఆటో ఎక్కుతుంది.

అలా ఆ సోమవారం ఇద్దరూ మా షెడ్డుకి వచ్చారు.

మొదట చిట్టియ్య గారు వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నారు. తరవాత హెలెన్ వచ్చింది. తల మీద చున్నీ, దాని మీద మేమిచ్చిన హెల్మెట్, కింద కళ్ళజోడు. గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది. చిట్టియ్య గారు చప్పుడికి తల తిప్పి, వెంటనే లేచి, ఆఖరి బల్లకి వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. గోడ మీద అగ్నిమాపక యంత్రం బొమ్మ ఒకటుంది. మధ్యాహ్నం దాకా ఆయన దాన్నే చూశారు.

భోజనాల దగ్గర నాకింకో విడ్డూరం కనపడింది. ఈ మూల ఆయన క్యారేజీలోనూ, ఆ మూల ఆవిడ క్యారేజీలోనూ గోంగూర పచ్చిరొయ్యల కూరే.

"ఇద్దరూ ఒకే మెస్సులో కట్టించుకుంటారాండి?" అని అడిగాను.

చిట్టియ్య గారు ముద్ద మింగి "ఆయ్" అన్నారు. నేను నమ్మేశాను.

మా దుర్గాశ్రీ మేడం భీమవరంలో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. చిన్న వయసు, గట్టి గొంతు. ఎవరైనా ఆవలిస్తే పేరు పెట్టి పిలుస్తుంది. ఆవిడ మొదటి రోజే అసలు సంగతి చెప్పేసింది.

"క్రేన్ నడిపేవాళ్ళ కళ్ళు సిగ్నల్ ఇచ్చే మనిషి మీదే ఉండాలండి. లోడు మీద కాదు. ఆ మనిషి కనపడకపోతే వెంటనే ఆపెయ్యాలి. మళ్ళీ కనపడేదాకా అంగుళం కూడా కదపకూడదు."

గోడ వైపు నుంచి చిట్టియ్య గారి గొంతు వచ్చింది. "లోడు చూడకుండా ఎలాగండీ మేడం గారూ?"

"లోడు సంగతి ఆవిడ చూసుకుంటారండి. మీరు ఆవిణ్ణి చూడాలి."

"ఎవర్నండీ?"

"మీ జతని. ఏ కంపెనీ నించి వచ్చినవాళ్ళు ఆ కంపెనీ వాళ్ళతోనే జత. మీకు హెలెన్ గారు."

ఆ సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, హెల్మెట్ రెండు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డారు. "చంద్రరావు గారూ, ఆ జత కాస్త మార్పించండి. నాకు ఎవరైనా ఫర్వాలేదండి. ఆ అమ్మాయి తప్ప."

"ఎందుకండీ? ఆవిడేమన్నా అన్నారా?"

"అయ్యో, లేదండి. మంచి పిల్లండి."

"మరి?"

"మంచి పిల్లేనండి" అని మళ్ళీ అని వెళ్ళిపోయారు. నాకేమీ అర్థం కాలేదు. మేడానికి చెప్తే, రేపు పనిలో కూడా వాళ్ళిద్దరే జత, ఇక్కడ మార్చి ఏం లాభమని కొట్టి పారేసింది.

మర్నాటి నుంచి నాకు నిజంగా పిచ్చెక్కింది. పొద్దున్న సాధనలో చిట్టియ్య గారిని మించినవాడు లేడు. హెలెన్ చెయ్యి లేస్తే సిమెంటు దిమ్మ లేస్తుంది, దింపితే దిగుతుంది. నీళ్ళ క్యాను మోస్తున్న నేను కూడా ఆగి చూశాను. పన్నెండు దగ్గర పడేసరికి అదే మనిషి, అదే క్రేను, ఏమీ తెలియనట్టు ఆగిపోతారు. హెలెన్ చెయ్యి ఎత్తుతూనే ఉంటుంది, దిమ్మ గాల్లో వేలాడుతూనే ఉంటుంది.

"ఏంటండీ ఆగారు?" అంటుంది మేడం.

"సిగ్నలు కనపడలేదండి."

"ఎదురుగా ఉన్నారు కదండీ!"

"ఆయ్."

కంటి డాక్టరుకి చూపించమంది మేడం. పొద్దున్న కనపడి మధ్యాహ్నం కనపడకపోయే రోగం ఉంటుందా అని ఆవిడకే అనుమానం వచ్చింది. నేను భోజనం ఎక్కువవుతోందేమో అన్నాను. రొయ్యలు మానమని ఆయనకి సలహా కూడా ఇచ్చాను. పాపం మానేశారు. ఫలితం లేదు.

హెలెన్ సంగతి ఇంకో రకం. ఆవిడకి సిగ్నళ్ళన్నీ వచ్చు, కానీ చేతులు నడుము దాటి పైకి రావు. ఆపమనే సిగ్నల్ ఇవ్వాలంటే అరచెయ్యి కాస్త తిప్పి వెంటనే చున్నీలోకి లాక్కుంటుంది. ఇదే హెలెన్ రోడ్డు మీద బోర్డు పట్టుకుంటే లారీలు ఆగుతాయట! "ఇంకా పెద్దగా ఊపండి, హెలెన్ గారూ. అది ఆర్డరు. రిక్వెస్టు కాదు" అని మేడం అరుస్తూనే ఉంది. మన జిల్లాల్లో మాట చివర అండి పెట్టందే నోరు తెరవం సరే, ఆవిడ చేతుల్లో కూడా అండి ఉంది.

గురువారం నాడు ముడి వీడింది. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునకలు తిరుగుతున్నాయి. క్రేను నడుస్తోంది. మబ్బు అడ్డం వచ్చింది, క్రేను ఆగింది. మబ్బు పోయింది, క్రేను కదిలింది. ఇంకో మబ్బు వచ్చింది, మళ్ళీ ఆగింది. నేను మెకానిక్కు దగ్గరికి పరిగెత్తి, "ఏమయ్యా, ఇది సోలార్ బండా?" అని అడిగాను. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు నేనే క్రేను పక్కకి వెళ్ళి నిలబడి, చిట్టియ్య గారి కళ్ళెక్కడున్నాయో చూశాను. నేల మీద ఉన్నాయి. హెలెన్ తూర్పున నిలబడింది. పొద్దుటి ఎండకి ఆవిడ నీడ పొడుగ్గా సాగి క్రేను ముందుకి వస్తోంది. నీడ చెయ్యి లేస్తే ఆయన లివర్ లాగుతున్నారు. నీడ చెయ్యి వాలితే దింపుతున్నారు. మిట్ట మధ్యాహ్నం నీడ కాళ్ళ కిందికి పోతే ఆయనకి సిగ్నల్ లేదు. ఆయన తలెత్తి ఆవిణ్ణి చూడనే చూడటం లేదు.

భోజనాలప్పుడు పక్కన కూర్చుని నిలదీశాను. చాలాసేపు నీళ్ళు తాగారు.

"ఆ అమ్మాయి మా కోడలండి" అన్నారు. "తొమ్మిదేళ్ళయింది మా ఇంటికొచ్చి. ఎప్పుడూ ఎదటపడి చూళ్ళేదండి. ఇప్పుడు ఇంతమందిలో కళ్ళప్పగించి చూడమంటే ఎలాగండీ? మేడం గారు చెప్పిందీ రైటే. మా నాన్న నేర్పిందీ రైటే. నాకేం పాలుపోట్లేదండి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు కోపమూ వచ్చింది, జాలీ కలిగింది. టన్ను బరువు ఎత్తే మనిషి కనురెప్ప ఎత్తలేకపోతే ఎవరేం చేస్తారు!

హెలెన్ దగ్గరికి వెళ్ళి మెల్లిగా చెప్పాను. "మీ మామగారు మీ నీడ చూసి క్రేను నడుపుతున్నారమ్మా."

"తెలుసండి" అంది ఆవిడ.

"తెలుసా?"

"సాధన మొదలెట్టిన రోజే కనిపెట్టానండి. అందుకేనండి పొద్దున్నపూట తూర్పు పక్కకెళ్ళి నిలబడతాను. ఆయనకి ఇబ్బందవకూడదు కదండి."

నేను అక్కడే ఒక ఖాళీ డ్రమ్ము మీద కూలబడ్డాను. ఆయన చూడకుండా చూస్తున్నారు, ఈవిడ కనపడకుండా కనపడుతోంది. ఒకరి కోసం ఒకరు ఇంత కష్టపడుతూ, ఆ మాట మాత్రం ఒకరికొకరు చెప్పుకోరు.

మేడానికి చెప్పక తప్పదు, ఎవరి నెత్తినో దిమ్మ పడితే ఎవరిది పూచీ? చెప్పాను. ఆవిడ కూడా తికమకపడింది. "మబ్బు పడితే ఆపేస్తున్నారు కాబట్టి రూలు తప్పలేదు. కానీ ఇది ఒప్పూ కాదు. నీడ గురించి మాకెవరూ చెప్పలేదండి" అంది. తరవాత హెలెన్‌ని పిలిచి, "ఆయన్ని మీరే ఒక మాట అనచ్చు కదా?" అంది.

"నేనా అండి? ఎప్పుడూ పిలవలేదండి."

"తొమ్మిదేళ్ళల్లో ఒక్కసారి కూడానా?"

"అవసరం రాలేదండి. అత్తయ్య గారున్నారు కదండి." మళ్ళీ తనే అంది, "పరీక్ష పొద్దున్నపూటే కదండి. ఎండ కాస్తే చాలండి. ప్రార్థన చేసుకుంటున్నాను."

ఆ రోజుల్లో డెల్టా మొత్తం వాన కోసం చూస్తోంది. నారుమళ్ళు పోసుకున్న రైతులు తలెత్తి మబ్బులు చూస్తున్నారు. ఎండ కాయాలని దేవుణ్ణి అడిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ ఒకే ఇంట్లో, చెరో గదిలో అడిగారు.

దేవుడు రైతుల మాట విన్నాడు.

శనివారం పొద్దున్న లేచేసరికి ఆకాశం అట్లపెనంలా ఉంది. పరీక్ష మా స్థలంలో కాదు, చినబాబు పని చేయిస్తున్న చోటే, రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక ఒక సందులో పెట్టారు. తవ్విన కాలవలోకి సిమెంటు పెట్టె దింపాలి. చుట్టూ ఎర్ర కోన్లు, వాటికి కట్టిన టేపు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. నవ్వని మనిషి. చినబాబు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, కాకినాడ కుర్రాడి నంబరు అందులోనే ఉంది. అది చిట్టియ్య గారికీ తెలుసు.

హెలెన్ అలవాటుగా తూర్పు పక్కకి వెళ్ళి నిలబడింది. నేల మీద నీడ లేదు. తడి మాత్రం ఉంది.

బెల్టులు బిగించారు. ఆవిడ చెయ్యి నడుము దగ్గర కొంచెం లేచింది. చిట్టియ్య గారు ఏ ధైర్యంతోనో, అందాజు మీదో, పెట్టెని జానెడు లేపారు. అంతే, అక్కడ ఆగిపోయారు. చూపు నేల మీద వెతుకుతోంది. ఇంజను మోగుతోంది, పెట్టె మెల్లిగా ఊగుతోంది.

"ఏంటండీ ఆగారు?" అన్నాడు ఎగ్జామినరు.

"సిగ్నలు కనపడలేదండి."

"ఆవిడ ఇస్తూనే ఉంది కదయ్యా."

చెమటో చినుకో చిట్టియ్య గారి బుగ్గ మీద నుంచి కారుతోంది. చినబాబు ఇబ్బందిగా ఫోన్ కేసి చూశాడు. మేడం పెదవి కొరుక్కుంటోంది. మాట్లాడితే పరీక్షలో చెయ్యి పెట్టినట్టవుతుంది. ఎగ్జామినరు జేబులోంచి పెన్ను తీశాడు. ఎండ రావాలని నేను కూడా పైకి చూశాను, అంత తెలివితక్కువవాణ్ణి అయిపోయాను.

అప్పుడు హెలెన్ తల మీద చున్నీ తీసేసింది. దాన్ని నడుముకి చుట్టి బిగించింది. హెల్మెట్ సరిచేసుకుంది.

"మావయ్య గారూ!" అని పిలిచింది.

ఇంజను చప్పుడులో కూడా సందు చివరిదాకా వినపడింది.

"మావయ్య గారూ, కింద చూడకండి. నన్ను చూడండి!"

చిట్టియ్య గారి మొహం నేను చూశాను. ఎవరో చెంప మీద కొట్టినట్టు అదిరింది. కళ్ళెత్తారు. దించేశారు. మళ్ళీ ఎత్తారు. ఈసారి అలాగే ఉంచారు.

ఆవిడ చెయ్యి లేచింది. నడుము దాటి, భుజం దాటి, తల మీదకి లేచింది. అంత పొడుగు చేతులు ఆవిడకున్నాయని మాకెవరికీ తెలియదు. చూపుడు వేలు తిరిగింది, పెట్టె పైకి లేచింది. అరచెయ్యి పక్కకి వెళ్ళింది, క్రేను పక్కకి జరిగింది. ఆయన కళ్ళు ఆవిడ మీద నుంచి కదల్లేదు.

పెట్టె కాలవ దాకా వస్తోంది. ఇంతలో సందులోని పెద్దమనిషి బుల్లిరాజు గారు పాల క్యాను పట్టుకుని వచ్చారు. టేపు దగ్గర ఆగి, "ఒక్క నిమిషమండి" అన్నారు. మన వైపు ఆ మాటకి తెరుచుకోని దారి లేదు. చినబాబుకి ఆయన బాగా తెలిసిన మనిషి, అలవాటు కొద్దీ టేపు ఎత్తి పట్టుకుని "రండి రాజుగారూ" అన్నాడు. ఆయన వంగి, లోపలికొచ్చి, క్యాను తొణక్కుండా చూసుకుంటూ సరిగ్గా పెట్టె కిందికి నడిచారు. మేమందరం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. పెద్దాయన్ని ఆగమనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

హెలెన్ రెండు చేతులూ బార్లా చాచింది. అందులో అండి లేదు, గారు లేదు.

క్రేను టక్కున ఆగింది. పెట్టె ఒక్క ఊపు ఊగి, బుల్లిరాజు గారి తల మీద గాల్లో నిలిచింది. ఆయన పైకి చూసి, "మీరు కానివ్వండి, నేను వెళ్ళిపోతానుగా" అన్నారు. హెలెన్ చేతులు దించలేదు. చిట్టియ్య గారు కదపలేదు. రాజుగారు అవతల టేపు దాటి వెళ్ళాక ఆవిడ ఒక చెయ్యి దించి రెండో చేత్తో కిందికి సిగ్నల్ ఇచ్చింది. పెట్టె వెళ్ళి కాలవలో కూర్చుంది.

ఎగ్జామినరు క్రేను దగ్గరికి వచ్చాడు. "పెద్దాయన్ని ఎప్పుడు చూశారు మీరు?"

"ఏ పెద్దాయనండీ?" అన్నారు చిట్టియ్య గారు.

"పెట్టె కింద నడిచినాయన."

"చూళ్ళేదండి."

"మరి ఎందుకు ఆపారు?"

"అమ్మాయి ఆపమందండి" అన్నారు.

ఎగ్జామినరు ఏదో రాసుకుని, ఇద్దరూ పాసయ్యారని మేడంతో చెప్పాడు. గట్టిగా కేకేసినందుకు హెలెన్‌కి చీవాట్లు కూడా పెట్టాడు. చేత్తో చెప్పాల్సింది నోటితో చెప్పకూడదట. ఆవిడ "అలాగేనండి" అంది. చినబాబు ఫోన్ జేబులో పెట్టేసుకుని, టేపు ఎత్తినందుకు ఎవరి మొహమూ చూడలేక, టీలు తెస్తానని వెళ్ళిపోయాడు.

చిట్టియ్య గారు క్రేను దిగారు. దిగుతూ, అలవాటు చొప్పున, ఒకసారి దగ్గారు. హెలెన్ తప్పుకోబోయి అటూ ఇటూ చూసింది. సందులో వంటిల్లు లేదు. ఒకవైపు కాలవ, ఒకవైపు క్రేను, అక్కడే నిలబడిపోయింది. ఆయన ఆవిడ ఎదటికి వచ్చి ఆగారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. ఏదో చెప్పాలని ఉంది, చెప్పడానికి మార్తమ్మ గారు లేరు.

"కళ్ళజోడు ఎప్పటినించమ్మా?" అని అడిగారు.

హెలెన్ కళ్ళజోడు తీసి, వాన చుక్కలు చున్నీతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పెళ్ళికి ముందు నించేనండి, మావయ్య గారూ" అంది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆయ్" అన్నారు.